పసుపు పొట్లం మీద ఐదు శాఖలు

2025 దీపావళికి రెండు రోజుల ముందు చండూరు బస్సెక్కి ఊరికి పోయాను. దుకాణం మెట్లు ఎక్కానో లేదో, నాన్న "ఎట్లున్నవు బిడ్డా" అని కూడా అనలేదు. కౌంటర్ కింద నుంచి ఒక అట్టపెట్టె లాగి నా ముందు పెట్టాడు.

"ఇగో, ఇవి అమ్మొద్దని ఫోన్లల్ల వస్తుంది. డీలర్‌ను అడిగితే నాకేం తెల్వదంటుండు. నువ్వు గదే చదువుతున్నవు గద, చెప్పు."

పెట్టెలో పండ్ల బొమ్మలున్న పానీయం డబ్బాలు. ముప్పై ఒకటి, తర్వాత లెక్కపెట్టాను. ప్రతి డబ్బా పేరులోనూ ఓఆర్‌ఎస్, అంటే విరేచనాలప్పుడు తాగించే ఉప్పు-గ్లూకోజ్ ద్రావణం, ఆ అక్షరాలు దూరం నుంచే కనబడుతున్నాయి.

నాకు జవాబు తెలుసనే అనుకున్నాను. నల్గొండ లైబ్రరీలో రెండు రోజుల ముందే నోట్సులో ఎక్కించుకున్న వార్త అది. బ్యాగులోంచి నోట్సు తీసి, ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గురించి రాసుకున్న ఆ లైను చదివాను: "2025 అక్టోబరు 14, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ వాడకూడదు."

"అది నాక్కూడ తెల్సు" అన్నాడు నాన్న. "అమ్మితే ఎవరిని పట్టుకుంటరు, నన్నా, తయారు చేసినోళ్ళనా? ఇవి వాపస్ ఎవరు తీసుకోవాలె? తప్పయితే ఇన్నేండ్లు ఎట్ల అమ్మనిచ్చిండ్రు?"

మూడు ప్రశ్నలు. నా లైనులో ఒక్కదానికీ జవాబు లేదు. కస్టమర్ రావడంతో బతికిపోయాను.

నేను గ్రూప్స్‌కు చదువుతున్నాను. ఇది నాలుగో ఏడు. 2024 నవంబరు 17, 18 తేదీల్లో గ్రూప్-3, డిసెంబరు 15, 16 తేదీల్లో గ్రూప్-2 రాశాను. రెండూ పోయాయి. తెలంగాణ ఉద్యమం పేపరంటే నాకు భయం లేదు, చరిత్ర కూడా పర్వాలేదు. నన్ను ముంచేవి ప్రభుత్వ విధానాలు, నియంత్రణ సంస్థలు. పేరు తెలుస్తుంది, తేదీ తెలుస్తుంది. "ఏ చట్టం కింద ఏర్పడింది, ఏ మంత్రిత్వ శాఖ కిందికి వస్తుంది, కింది వ్యాఖ్యల్లో సరైనవి ఏవి" అనేసరికి రెండు ఆప్షన్ల మధ్య ఊగుతాను. నెల నెలా మ్యాగజైన్ కొని, వన్ లైనర్లు రంగు పెన్నులతో రాసి, అయినా ఇంతే. మా రూమ్మేట్ అయితే "నువ్వు నోట్సు రాస్తలేవు, పెండ్లి పత్రిక రాస్తున్నవు" అంటుంది. తిథి, ముహూర్తం, వేదిక. పెళ్ళి ఎవరిదో ఎందుకు జరుగుతుందో మాత్రం ఉండదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మంచమ్మీద పడుకుని ఫోన్లో వెతికాను. ఈసారి వార్తలు వదిలేసి ఉత్తర్వుల కోసం వెతికాను. ఆ సంగతి ఒక్క తేదీతో తేలేది కాదని అప్పుడు తెలిసింది. 2022 ఏప్రిల్‌లో ఒకసారి వద్దన్నారు. అదే ఏడు జులైలో మెత్తబడ్డారు: ట్రేడ్‌మార్కులో ఆ మాట ఉంటే వాడుకోండి, కానీ "ఇది డబ్ల్యూహెచ్‌ఓ సూచించిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు" అని డబ్బా మీద రాయండి అన్నారు. 2024 ఫిబ్రవరిలో ఇంకో ఉత్తర్వు. 2025 అక్టోబరు 14న ఆ సడలింపులన్నీ వెనక్కి తీసుకుని, ఆ మాటకు ముందో వెనకో ఇంకేదైనా తగిలించి పేరు పెట్టినా కుదరదన్నారు. దీని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది. పెద్ద కంపెనీల మీద ఒక డాక్టరమ్మ గెలిచిన కథ అది. నా నోట్సులో ఆమె పేరు కూడా లేదు.

అసలు ఫార్ములా ఏమిటో చూశాను. లీటరు నీటికి సోడియం క్లోరైడ్, అంటే మన ఉప్పే, 2.6 గ్రాములు. గ్లూకోజ్ 13.5. పొటాషియం క్లోరైడ్ 1.5. ట్రైసోడియం సిట్రేట్ 2.9. నాలుగూ కలిపి 20.5 గ్రాములు. లేచి వెళ్ళి అట్టపెట్టెలోంచి ఒక డబ్బా తెచ్చి టార్చి వేసి చూశాను. చక్కెర దానికి ఎన్నో రెట్లు ఎక్కువుంది. విరేచనాలప్పుడు చక్కెర అంత ఎక్కువైతే పేగుల్లోకి నీళ్ళు ఇంకా లాక్కుంటుంది, నష్టం పెరుగుతుంది. "ఫార్ములా కాదు" అన్న లైను కూడా ఉంది, డబ్బా పక్క మడతలో, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలతో. మా ఊళ్ళో ఆ లైను చదివినవాళ్ళు ఎవరూ లేరు. ఇంగ్లీషు మీడియం డిగ్రీ చేసిన నేను కూడా చదవలేదు.

అక్క కొడుక్కు రెండేళ్ళప్పుడు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మేం తాగించింది మా దుకాణంలో డబ్బానే. రెండో రోజుకు పిల్లాడు వాడిపోతే నల్గొండకు ఎత్తుకుపోయాం, సెలైన్ పెట్టారు. డబ్బా వల్లే అలా అయిందని నేననలేను. కానీ ఆ రాత్రి ఆ లైను చదివాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నాన్నకు ఈ ముక్క చెప్పలేదు, ఇప్పటికీ.

పొద్దున్నే నాన్నకు చెప్పింది మొదటి ప్రశ్నకు జవాబు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో 52వ సెక్షన్ తప్పుడు లేబుల్ సరుకు గురించి. జరిమానా 3 లక్షల దాకా. అది తయారు చేసినవాళ్ళకే కాదు, నిల్వ పెట్టినవాళ్ళకు, అమ్మినవాళ్ళకు, పంచినవాళ్ళకు అందరికీ వర్తిస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటన అయితే 53వ సెక్షన్, 10 లక్షల దాకా. సరుకు వెనక్కి తీసుకోవడం గురించి 28వ సెక్షన్ ఉంది.

"అంటే నన్ను గూడ పట్టొచ్చు" అన్నాడు నాన్న.

"పట్టొచ్చు."

"టీవీల అడ్వర్టైజ్‌మెంట్ ఇచ్చినోడు, చండూరు దిక్కు రానోడు, నేను, ఒక్కటే సెక్షన్‌ల ఉన్నమా?"

ఇది ఏ బిట్ బ్యాంకులోనూ ఉండని ప్రశ్న. నాన్న పెట్టెను తీసి లోపలి గదిలో బియ్యం బస్తాల వెనక పెట్టాడు.

పండగ రోజంతా కౌంటర్ మీద కూర్చున్నాను. కూర్చుని చేసిన పని ఒకటే, చేతికందిన పొట్లం తిప్పి వెనక చదవడం. పసుపు పొట్లం దగ్గర ఆగిపోయాను. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముద్ర, కింద 14 అంకెల నంబరు: ఆరోగ్య మంత్రిత్వ శాఖ. నికర బరువు, ఎంఆర్‌పీ, ఫిర్యాదు ఫోన్ నంబరు: తూనికలు కొలతల చట్టం 2009, దాని కింద 2011 ప్యాకేజ్డ్ సరుకుల రూల్స్, వినియోగదారుల వ్యవహారాల శాఖ. అగ్‌మార్క్: 1937 నాటి చట్టం, వ్యవసాయ శాఖ. ధర వెనక "అన్ని పన్నులు కలిపి" అన్న మాటలో జీఎస్టీ: ఆర్థిక శాఖ. కవరు మీద ప్లాస్టిక్ రకం తెలిపే త్రికోణం: పర్యావరణ శాఖ, 2016 ప్లాస్టిక్ వ్యర్థాల రూల్స్. అరచేతిలో పట్టే పొట్లం మీద ఢిల్లీలో ఐదు శాఖలు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వినియోగదారుల శాఖ కింద ఉంటుందని నేను మాక్ టెస్టుల్లో ఎన్నిసార్లు పెట్టానో! ఆ రోజు నుంచి మళ్ళీ తప్పలేదు. తిండి కాబట్టి ఆరోగ్యం, తూకం కాబట్టి వినియోగదారుడు. అంతే.

కాంటా సంగతి ఇంకా బాగుంటుంది. నాన్న ఏడాదికోసారి ఎలక్ట్రానిక్ కాంటాకు ముద్ర వేయించుకోవాలి, పాత తూకం రాళ్ళకైతే రెండేళ్ళకోసారి. ముద్ర వేసేది రాష్ట్ర ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్. చట్టం మాత్రం పార్లమెంటుది. ఇదేంటని చిన్నప్పటి నుంచీ నాకెప్పుడూ తోచలేదు, పాలిటీ చదువుతున్నప్పుడు కూడా. 42వ సవరణ, 1976, రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మారిన ఐదు అంశాలు: విద్య, అడవులు, వన్యప్రాణి పక్షుల రక్షణ, న్యాయ పరిపాలన, తూనికలు కొలతలు. ఈ ఐదింటినీ పాటలా బట్టీ పట్టాను, చివరిది ఎప్పుడూ మర్చిపోతాను. మర్చిపోయేది మా ఇంటి అన్నం పెట్టే వస్తువును. ప్రమాణం ఎంతుండాలో నిర్ణయించడం కేంద్ర జాబితాలో 50వ అంశం, మిగతాదంతా ఉమ్మడి జాబితాలో 33ఏ. అంటే కిలో అంటే ఎంతో ఢిల్లీ చెబుతుంది, మా కాంటా కిలో చూపిస్తుందా లేదా అన్నది నల్గొండ నుంచి వచ్చి చూస్తారు. ఇప్పుడు కాంటా మీద చెయ్యి పెడితే 33ఏ గుర్తొస్తుంది, అది వేరే రోగం.

జీఎస్టీ తగ్గింపు గొడవ మాకు బతుకమ్మలో మొదలైంది. సెప్టెంబరు 3న 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో 12, 28 శాతం శ్లాబులు తీసేసి ప్రధానంగా 5, 18 ఉంచారు, కొన్నింటికి 40. అమలు సెప్టెంబరు 22 నుంచి, అంటే ఎంగిలిపూల బతుకమ్మ తెల్లారి. సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, బిస్కెట్లు 18 నుంచి 5కు వచ్చాయి. పిల్లల నోటు పుస్తకాలు, పెన్సిళ్ళకు పన్నే లేదు. ఆ రోజు పొద్దున ఆరింటికే ఒక పెద్దమ్మ వచ్చి "సబ్బు ధర తగ్గిందట గద" అంది. నాన్న దగ్గరున్నది పాత ఎంఆర్‌పీ సరుకు. అంతకు ముందు తయారైన సరుకు మీద కొత్త ధర స్టిక్కరు వేయడం తప్పనిసరి కాదని వినియోగదారుల శాఖ చెప్పింది, కొత్త ధరల పట్టిక డీలర్లకు, దుకాణాలకు పంపితే చాలంది. కంపెనీ నుంచి డీలర్‌కు, డీలర్ నుంచి మా నాన్న వాట్సాప్‌కు ఆ పట్టిక చేరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులు మా నాన్న ఊరి దృష్టిలో దొంగ. ఐదో రోజు నుంచి మామూలే.

జీఎస్టీ కౌన్సిల్ గురించి నోట్సులో నేను రాసుకున్నది "279ఏ అధికరణ, 101వ సవరణ, కేంద్రం ఓటు విలువ మూడింట ఒక వంతు, నాలుగింట మూడొంతుల మెజారిటీ" అని. అదీ కావాలి, కాదనను. పరీక్షలో మార్కు దానికే వస్తుంది. కానీ పెద్దమ్మ గుర్తుంది కాబట్టే ఆ అంకెలు ఇప్పుడు నిలుస్తున్నాయి.

గుట్కా గురించి రాయకపోతే కిరాణ దుకాణం కథ పూర్తి కాదు. మా దుకాణంలో లేదు, నాన్న ముందు నుంచీ అమ్మడు. తెలంగాణలో పొగాకు, నికోటిన్ ఉన్న గుట్కా, పాన్ మసాలా మీద 2024 మే 24 నుంచి ఏడాది పాటు నిషేధం అని చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఏడాదేనా? తర్వాత ఆరోగ్యకరమైపోతుందా? అదే ఏడు అక్టోబరు 30న హైదరాబాద్‌లో మోమోలు తిని ఒకామె చనిపోయాక పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను నిషేధించారు. అదీ ఏడాదే. రెండు వేర్వేరు వార్తలుగా, రెండు వేర్వేరు పేజీల్లో రాసుకున్నాను. రెండూ ఒకే తలుపులోంచి వచ్చినవని ఈ మధ్యే తెలిసింది. అదే 2006 చట్టంలో 30(2)(ఏ): ప్రజారోగ్యం కోసం ఏదైనా ఆహార పదార్థం తయారీ, నిల్వ, పంపిణీ, అమ్మకాన్ని రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్ నిషేధించవచ్చు, గరిష్ఠంగా ఒక ఏడాది. కమిషనర్ చేతిలో ఉన్న తాళంచెవి అంతవరకే తిరుగుతుంది. అందుకే గుట్కాకు మళ్ళీ మళ్ళీ ఉత్తర్వు ఇస్తూ పోవాలి. గుట్కా ఆహారమెలా అయింది అంటే, ఆహారంలో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011 నిబంధనల్లో ఉంది. సిగరెట్ తినేది కాదు కాబట్టి ఈ దారిలో దొరకదు, దానికి 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, కోట్పా, వేరు. చట్టం తిండిని పట్టుకుంది, పొగను వదిలేసింది. ఈ ఒక్క ముక్క తెలిశాక స్టేట్‌మెంట్ టైప్ బిట్లు ఎలా తయారు చేస్తారో కూడా అర్థమైంది. "శాశ్వతంగా నిషేధించింది", "కేంద్రం నిషేధించింది" అని ఒక మాట మారుస్తారు. మనం తేదీ చూసుకుంటూ కూర్చుంటాం.

ప్లాస్టిక్ సంచుల కనీస మందం మొదట 75 మైక్రాన్లు అన్నారు, 2022 డిసెంబరు 31 నుంచి 120. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, మా ఊళ్ళో సంచి తెచ్చుకునేది నాయనమ్మ ఒక్కతే.

నాయనమ్మ అంటే నీళ్ళు గుర్తొచ్చాయి. ఆమె నడుము వంగింది వయసుతో కాదు, బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్‌తో. మునుగోడు, చండూరు, మర్రిగూడ దిక్కున అలాంటివాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. తాగునీటికి బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా. దాన్ని తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ 1970లలో పటిక, సున్నం కలిపే పద్ధతి తయారు చేసింది, పేరు నల్గొండ టెక్నిక్. ఆఫ్రికాలో కెన్యా, టాంజానియా వాళ్ళకు కూడా మన జిల్లా పేరు ఆ రకంగా తెలుసు. ఇంతకంటే మంచి విషయానికి తెలిస్తే బాగుండేది. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేసినప్పుడు నాయనమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. ఇప్పుడు నల్లా వస్తుంది. అయినా ఊళ్ళో సగం ఇళ్ళలో 20 లీటర్ల క్యాను కూడా ఉంటుంది, అలవాటైపోయింది.

ఆ క్యాను మీద ఆ రోజు చూశాను, సీల్ లేదు, లేబుల్ లేదు, నంబరు లేదు. 2024 అక్టోబరులో ప్యాకేజ్డ్ తాగునీటికి బీఐఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి అన్న నిబంధన తీసేశారు. నవంబరు 29న అదే నీటిని ఎక్కువ రిస్కు ఉన్న ఆహారాల జాబితాలో పెట్టారు, అంటే లైసెన్సుకు ముందే తనిఖీ, ఏటా బయటి సంస్థతో ఆడిట్. ఒక చేత్తో వదిలి ఇంకో చేత్తో పట్టుకున్నారన్నమాట. మ్యాగజైన్‌లో మొదటిది నవంబరు సంచికలో వచ్చింది, రెండోది జనవరిలో. రెండూ కలిపి చదివినవాడికే సంగతి తెలుస్తుంది. మా వీధి క్యానుకు మాత్రం రెండిట్లో ఏదీ తగల్లేదు, అది ఏ లేబులూ లేకుండా ఆటోలో తిరుగుతూనే ఉంది.

పండగయ్యాక గురువారం నల్గొండకు బయల్దేరాను. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణానికి ఇచ్చే జీరో టికెట్ చేతిలో పట్టుకుని దాని మీద కూడా ఏముందో చదువుతుంటే పక్కనావిడ నన్ను అనుమానంగా చూసింది. గడియారం సెంటర్ దగ్గర దిగితే ఎదురుగా ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ, దాని మీద మా బ్యాచ్‌మేట్ ఫోటో. ఆమె అక్కడ రాసింది రెండు టెస్టులు. 2024 నవంబరు 13న సీసీపీఏ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎంపికైన తర్వాత అభ్యర్థి రాతపూర్వక అనుమతి తీసుకోకుండా ఫోటో వేయకూడదు, ఏ కోర్సు, ఎన్నాళ్ళు, ఫీజు కట్టారా లేదా అన్నదీ రాయాలి. ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. "సీసీపీఏ అంటే?" అంది. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులై 24న ఏర్పడిన సంస్థ, అని గడగడా చెప్పాను. నాకే ఆశ్చర్యమేసింది. "అయినా ఫోటో బాగొచ్చింది, ఉండనీయ్" అంది.

నోట్సు ఇప్పుడు మార్చాను. తేదీ పక్కన పడేసి, నాన్న అడిగిన మూడు ప్రశ్నలే ప్రతి పేజీ పైన రాస్తున్నాను: ఎవరిని పట్టుకుంటారు, వాపస్ ఎవరు తీసుకోవాలి, ఇన్నేళ్ళు ఎట్ల అమ్మనిచ్చారు. మూడోది అన్నిటికంటే కష్టం. దానికి జవాబు వెతికితే పాత ఉత్తర్వు, సడలింపు, కోర్టు కేసు అన్నీ బయటికొస్తాయి. రోజుకు పాతిక వార్తలు రాసేదాన్ని, ఇప్పుడు మూడే అవుతున్నాయి. తక్కువని టెన్షన్‌గానే ఉంది.

ముప్పై ఒక్క డబ్బాల సంగతి. డీలర్ నెల రోజులు తిప్పి ఇరవై నాలుగు తీసుకున్నాడు, అట్ట నలిగిందని ఏడు తీసుకోలేదు. నవంబరు చివర్లో నేను ఊళ్ళో ఉండగానే కొత్త పెట్టె దించాడు. అవే పండ్ల బొమ్మలు, అదే రంగు, పేరులో ఆ మూడక్షరాలు మాత్రం లేవు. నాన్న డబ్బు ఇవ్వలేదు. ఒక డబ్బా తీసి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జరుపుకుని, పక్క మడత విప్పి చూశాడు. కనబడక నా చేతికిచ్చాడు.

"గీ చిన్న అక్షరాలల్ల ఏమున్నదో సదువు. మెల్లగ సదువు."

డీలర్ ఆటో ఇంజన్ ఆపేశాడు.